కోడి ఊపిరి వరదయ్య

కోడి చచ్చిన తరవాత కూడా దానిచేత ఊపిరి పీల్పించాలని చూసిన మనిషి మద్రాసు రాయపురం మొత్తానికి ఒక్కడే. ఆయన పేరు వరదయ్య. లోకంలో రకరకాల పిచ్చివాళ్ళు ఉంటారు. కొందరు ఎవరింటికి వెళ్ళినా గోడగడియారం సరిచేస్తారు. కొందరు అడక్కుండానే పక్కవాడి చేతిరేఖలు చూస్తారు. వరదయ్య మాత్రం ఆదివారంపూట ఎవరింట్లో కోడి తెగినా, అది చట్టికెక్కేలోపల వెళ్ళి దాని గొంతులోకి ఊదాల్సిందే.

విడ్డూరం ఏమిటంటే, ఆయన పుట్టు శాకాహారి. గుడ్డు పగిలిన వాసన తగిలితే అవతలి వీధిగుండా నడిచే వంశం. అలాంటి ఇంట్లో పుట్టి, మద్రాసులో ఒక కాలేజీ జంతుశాస్త్రం మ్యూజియంలో సీసాలు చూసుకునే ఉద్యోగంలో చేరాడు. పాముల సీసాల్లో స్పిరిటు తగ్గితే పోయడం, కప్పల పేర్లు చెరిగిపోతే మళ్ళీ రాయడం ఆయన పని. వీధిలోవాళ్ళకు ఈ తేడాలు పట్టవు. కాలేజీకి వెళ్ళేవాడు ఎవరైనా వాళ్ళకు పాఠాలు చెప్పే అయ్యోరే.

ట్రాములు ఇంకా తిరుగుతున్న రోజులవి, యాభై రెండో సంవత్సరం. ఆదివారం చర్చి గంట ఆగి, ఇళ్ళల్లో మసాలా నూరే చప్పుడు మొదలయ్యేసరికి వరదయ్య వీధిలోకి దిగేవాడు. తెల్లపంచె, మెడదాకా బొత్తాలు పెట్టిన చొక్కా, వడ్రంగి పెన్సిలు పెట్టుకున్నట్టు చెవిమీద ఒక బొప్పాయి ఆకు కాడ. బొప్పాయి కాడ లోపల గుల్ల. కోడి గొంతుగొట్టంలో అది కుదిరినట్టు గాజుగొట్టమైనా కుదరదని ఆయన అనుభవం మీద తేల్చుకున్నాడు.

“ఏం ఆరోగ్యమేరీ, ఈ పూట కోడేనా?”

“కోడే అయ్యోరూ. కానీ నూనె పెట్టేసినా.”

“దించు. అయిదు నిమిషాలు.”

“పోయిన వారమూ అయిదు నిమిషాలే అన్నారు. మేము మూడు గంటలకు తిన్నాము.”

అంటూనే ఆరోగ్యమేరి నూనె దించేది, పీట వేసేది. ఆమె మొగుడు అంతోని, హార్బరులో పెట్టెలు దించే కూలీ, చెంబుతో నీళ్ళు తెచ్చిపెట్టేవాడు. అదంతా ఒక పూజలాగా సాగేది. వరదయ్య కోడి గొంతుగొట్టంలో కాడ దూర్చి దారంతో బిగించేవాడు. రెక్క పైఎముక చివర కత్తిరించి, ఆ కొనను చెంబులో ముంచేవాడు. ఆ తరవాత బుగ్గలు ఉబ్బించి ఊదేవాడు. గొంతులో ఊదిన గాలి రెక్క ఎముకలోంచి వచ్చి, చెంబులో బుడబుడమని బుడగలు లేచేవి.

“చూసినారా? మనం ముక్కుతో పీల్చి ముక్కుతోనే వదులుతాం. ఇది ఎముకల్లోకి కూడా పీలుస్తుంది. గొంతు మూసుకుపోయినా, రెక్క విరిగి ఉంటే ఆ విరిగిన ఎముకలోంచి ఊపిరి తీసి బతకగలదు.”

“రెక్క విరిగినా బతికేది, మా యింటికొచ్చి చచ్చింది,” అనేవాడు అంతోని.

వరదయ్య ఇలాంటి మాటలు వినిపించుకోడు. చిన్న కత్తెరతో కోడి కడుపు కొంచెం తెరిచి మళ్ళీ ఊదేవాడు. పేగుల మధ్యనుంచి సబ్బుబుడగకంటే పల్చని తిత్తి ఒకటి ఉబ్బి పైకొచ్చేది. దాన్ని గుమ్మం వెలుగుకు పట్టి, ఒక కన్ను మూసి, కంసాలి రాయి చూసినట్టు చాలాసేపు చూసేవాడు. చట్టి చల్లారిపోయేది ఇక్కడే. చివరికి, “సరి, వండుకోండి” అని లేచేవాడు. ఇంటికి వెళితే భార్య పుష్పవల్లి బావి దగ్గర నిలబడి ఉండేది. ఆదివారం ఎన్ని ఇళ్ళలో ఊదితే అన్ని బిందెల నీళ్ళు నెత్తిన పోసుకున్నాకే ఆయనకు గడప లోపలికి ప్రవేశం.

“పెళ్ళిచూపుల్లోనే నాకు అర్థమైపోవాల్సింది,” అనేదామె పక్కింటివాళ్ళతో. “పిల్ల నచ్చిందా అని పెద్దలడిగితే, ఊపిరి నిదానంగా తీస్తా ఉంది అన్నాడు.”

ఒకసారి ఎవరిదో పెళ్ళిలో నాదస్వరం వాయించే పెద్దమనిషి గుక్క తిప్పుకోవడానికి ఆగితే, వరదయ్య ఓదార్పుగా భుజం తట్టాడు. “మీ తప్పు కాదండీ. మీరు కోడిగా పుట్టి ఉంటే ఈ ఇబ్బంది ఉండేది కాదు.” ఆ పెద్దమనిషి వాయిద్యం ఒరలో పెట్టేశాడు. తాళి కట్టే వేళకు మేళం కోసం పెళ్ళికొడుకు తండ్రి ఆయన కాళ్ళు పట్టుకోవాల్సి వచ్చింది. వరదయ్యకు మాత్రం తానన్నదాంట్లో తప్పేమిటో చివరిదాకా తెలియలేదు.

ఈ ఊదుడు వీధికంతా వేడుకే, ఒక్క మునెమ్మకు తప్ప. మునెమ్మ కోళ్ళమ్మే మనిషి. మొగుడు పోయినప్పటినుంచి ఆమెకు ఉన్నదల్లా ఇంటివెనక ఒక తాటాకు కొట్టం, అందులో నలభై కోళ్ళు, వాటికి వీధిలో ఉన్న మంచిపేరు. ఆ పేరు మీదే ఆమె పొయ్యి వెలుగుతుంది. ట్రాము మలుపు దగ్గర సుబ్బన్ అని ఇంకో కోళ్ళవాడున్నాడు. “మునెమ్మ కోళ్ళు దగ్గుతా ఉండాయంట” అని ఒక్కమాట వీధిలో పడితే చాలు, మర్నాడు గంపలన్నీ సుబ్బన్ దగ్గరే ఖాళీ అవుతాయి. వరదయ్య ఎవరింట్లోనైనా కోడిపొట్ట వెలుగుకు పట్టి చూస్తున్నాడంటే మునెమ్మ బేరం వదిలేసి చెవి అటు పడేసేది. ఏమి చూస్తాడో, ఏమి కనిపిస్తుందో, ఏమంటాడో. అందులోనూ ఆయనది మామూలు గొంతు కాదు. కాలేజీలో చెవిటి ప్రొఫెసరు దగ్గర పదేళ్ళు పనిచేసిన గొంతు. రహస్యం చెప్పినా రెండు వీధులు వింటాయి.

అది చాలక, వారంలో మూడుసార్లు ఆయన ఆమె గంపల దగ్గరికే వచ్చి కూర్చునేవాడు.

“గడ్డి పారెయ్ మునెమ్మా.”

“గడ్డి ఏం చేసింది అయ్యోరూ మిమ్మల్ని? సుమ్మా ఉండండి.”

“చెమ్మగా ఉంది. వాసన చూడు.”

“కోళ్ళకింది గడ్డి మల్లెపూల వాసన వస్తాదా?”

ఆ గడ్డి ఆమెకు ఊరికే వచ్చేది. సీమనుంచి వచ్చే పింగాణీ పెట్టెల్లో దిండుగా పెట్టిన గడ్డిని అంతోని హార్బరునుంచి మూటకట్టి తెచ్చి ఇచ్చేవాడు. ఓడ అడుగున తడిసి, గోడౌనులో నాని వచ్చిన గడ్డి. వరదయ్య ఒకరోజు ఆమె చూడకుండా దాన్నంతా కాలవలో పారేసి, ఎక్కణ్ణుంచో ఎండుగడ్డి మోపు తెచ్చి పరిచాడు. మునెమ్మ ఆయన్ని తిట్టిన తిట్లు విని ట్రాము కండక్టరు బండి ఆపాడని చెప్పుకుంటారు. మర్నాడు అంతోని పాతరకం గడ్డే ఇంకో మూట తెచ్చిపెట్టాడు.

తిట్లు తిన్న రోజు కూడా వరదయ్య పాఠం మానలేదు.

“మన ఊపిరితిత్తి అవతల దారిలేని ముట్టుసందు లాంటిది మునెమ్మా. పోయిన దారినే వెనక్కి రావాలి. పోయే గాలీ వచ్చే గాలీ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. కోడిది అట్లా కాదు. సినిమా హాలు చూసినావుగా? హాలు పెరగదు, తగ్గదు. కోడి ఊపిరితిత్తి అంతే, చిన్నది, వీపు ఎముకలకు అంటుకొని కదలకుండా ఉంటుంది. హాలుకు వెనకా ముందూ పందిళ్ళున్నాయి అనుకో. అవే గాలితిత్తులు, తొమ్మిది. కోడి పీలిస్తే కొత్తగాలి ముందుగా వెనక పందిట్లోకి పోతుంది. వదిలితే ఆ గాలి హాల్లోకి వస్తుంది. మళ్ళీ పీలిస్తే ముందు పందిట్లోకి, మళ్ళీ వదిలితే బయటికి. ఒక ఆటకు రెండు ఊపిర్లు. హాల్లో ఎప్పుడూ ఒకే దిక్కుగా నడక. ఎవరూ ఎవర్నీ తోసుకోరు.”

“మీరు లోపలికి పోయి చూసినారా?”

“లేదు. దొరలు కూడా ఇంకా దీనిమీద కొట్లాడుకుంటా ఉన్నారు. కానీ నాకు ఇట్లాగే తోస్తుంది.”

“టిక్కెట్టు ఎవురు చింపుతారో అది కూడా కనుక్కొని రాండి. ఇప్పుడు కొంజం జరగండి, బేరం వచ్చింది.”

ఇంత తగవున్నా మునెమ్మ ఆయన్ని వీధిలోంచి తరమలేదంటే దానికొక కారణం ఉంది. అప్పుడప్పుడు ఏదో ఒక ఇంట్లో వరదయ్య తిత్తిని వెలుగుకు పట్టి చూసి, “సరి, వండుకోండి” అనేవాడు కాదు. దాన్ని మళ్ళీ లోపల సర్దేసి, “ఇది చాలా అరుదైన కోడి. కాలేజీకి కావాలి” అనేవాడు. దాన్ని సంచిలో వేసుకొని, వాళ్ళకు బదులు కోడి మునెమ్మ దగ్గర తనే కొనిపెట్టేవాడు. అట్లా మునెమ్మకు ఒకే ఇంటికి రెండు కోళ్ళు అమ్ముడుపోయేవి. ఆ ఇంటివాళ్ళు మాత్రం ఆ రోజు నుంచి నేలమీద నడిచేవారు కాదు.

అంతోని ఇంట్లో ఈస్టరు కోడి అట్లా ఎంపికైంది. అప్పటినుంచి అంతోని హార్బరులో పెట్టె దించినా ఒంటిచేత్తో దించేవాడు, రెండోచేత్తో మీసం దువ్వుకోవాలి గనక.

“మా యింట్లో తాత ముత్తాతలనుంచి ఎవురూ అయిదో క్లాసు దాటలేదు,” అనేవాడు. “మా కోడి కాలేజీకి పోయింది.”

మునెమ్మ కూడా ఊరుకోలేదు. “కాలేజీ కోళ్ళమ్మా, కాలేజీ కోళ్ళు” అని కేకవేయడం మొదలుపెట్టింది. సుబ్బన్ రెండు వారాలు అన్నం సరిగా తినలేదు. ఏడాది తిరిగేసరికి మునెమ్మ గంపలోనివి పదకొండు కోళ్ళు కాలేజీకి ఎక్కాయి.

ఆ కాలేజీవాళ్ళు ఏటా ఒక ఆదివారం మ్యూజియం తలుపులు ఊరివాళ్ళకు తెరిచేవారు. ఆ సంగతి అంతోని చెవిన పడింది. వీధి మొత్తం తన కోడిని చూడ్డానికి రావాలని ఇంటింటికీ వెళ్ళి పిలిచాడు, పెళ్ళికి పిలిచినట్టే. మునెమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. సీసామీద కోడి ఎవరిదో రాస్తారు సరే, ఎవరు అమ్మిందో కూడా రాస్తే సుబ్బన్ కొట్టు మూసుకోవాల్సిందే గదా. ఆ మాట చెప్పివద్దామని శుక్రవారమే ట్రామెక్కి కాలేజీకి పోయింది.

మ్యూజియం గుమ్మంలో బల్లమీద కాళిముత్తు అనే వాచ్‌మన్ కూర్చొని ఉన్నాడు.

“కోళ్ళు ఏ పక్క ఉండాయి అన్నా?”

“కోడియా? కోడి ఎందుకమ్మా ఈడ, ఊరంతా ఉండాదే. ఈడ ఉండేది పాము, గద్ద, తిమింగలం ఎముక.”

“పదకొండు కోళ్ళు. వరదయ్య అయ్యోరు తెచ్చినారు.”

“ఓ, అవ్వా?” కాళిముత్తు నవ్వాడు. “అవి సీసాలో లేవమ్మా, మన్నులో ఉండాయి. అయ్యా ఒక్కొక్కటి తెస్తాడు, కోసి బూతద్దం పెట్టి చూస్తాడు, వెనకపక్క గుంట తీయమంటాడు. సున్నం వేసి పూడ్చేది నేనే. పదకొండు గుంటలు తీసినా. ఏందయ్యా ఇది అంటే, బూజు అంటాడు.”

“బూజా?”

కాళిముత్తు లోపలికి తీసుకెళ్ళి వరదయ్య బల్లసొరుగు లాగి చూపించాడు. ఒక చిన్న సీసాలో స్పిరిటు, అందులో వేలెడంత పొర. సబ్బుబుడగలా ఉండాల్సిన పొర మబ్బుపట్టి ఉంది. దానిమీద నాచురంగు నూగు, రొట్టెమీద పట్టినట్టు. పక్కనే కాయితంలో మడిచిన గడ్డిపోచలు నాలుగు. వాటిమీదా అదే నూగు. మునెమ్మకు ఆ గడ్డిని ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. రోజూ పొద్దున్నే తన చేత్తో పరిచే గడ్డి.

అంతలో వరదయ్య స్పిరిటు డబ్బా మోసుకుంటూ లోపలికి వచ్చాడు. మునెమ్మను, తెరిచిన సొరుగును చూసి డబ్బా కింద పెట్టేశాడు. కాళిముత్తు మెల్లగా బయటికి జారుకున్నాడు.

“నా కోళ్ళకు రోగమని మీకు తెలుసు,” అంది మునెమ్మ.

“రోగం గడ్డికి. ఆ బూజుపొడి కోళ్ళు పీలుస్తా ఉన్నాయి. వాటి గాలితిత్తుల్లో గాలి తిరిగినంత నెత్తురు తిరగదు. బూజు ఆడ పడితే అడిగేవాడు లేడు, పంట పండిస్తుంది.”

“ఎందుకు చెప్పలేదు?”

“నలభైసార్లు చెప్పినాను. గడ్డి పారెయ్ అన్నాను.”

“గడ్డి పారెయ్ అన్నారు. కోడికి రోగం అనలేదు.”

“ఆ మాట నీ గంప దగ్గర నేను అంటే ఏమయ్యేది? నాకు మెల్లగా మాట్లాడ్డం రాదు మునెమ్మా. ట్రాము మలుపు దాకా వినిపించేది.”

నిజమే. ఇప్పుడు ఈ మాట కూడా ఆయన మెల్లగా అన్నాననుకొనే అన్నాడు. మ్యూజియం బయట కాళిముత్తు, “అవునమ్మా, బాగా వినిపిస్తాది” అన్నాడు.

“మరి ఈ ఊదేదంతా?”

“ఊదితే గానీ తిత్తి విప్పుకోదు. విప్పుకుంటే గానీ మబ్బు కనపడదు. మీ కోడికి రోగం ఉందేమో చూస్తానంటే ఎవరు లోపలికి రానిస్తారు? వింత చూపిస్తానంటే పీట వేస్తారు.” ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. “ఊదడం నాకు ఇష్టమే అనుకో.”

తన పేరు కాపాడ్డానికి ఏడాదిపాటు తనచేతే తిట్లు తిన్న మనిషిని ఏమనాలో మునెమ్మకున్న మాటల్లో దొరకలేదు. అందుకని పనికొచ్చే మాటే అంది.

“ఎల్లుండి అంతోని వస్తా ఉండాడు. కోడిని చూడ్డానికి. ఇరవై రెండు మంది, పులిహోర కట్టుకొని.”

వరదయ్యకు ఊపిరి ఆగినంత పనైంది. “సీసా పగిలిపోయిందని చెబుతాను.”

“ఎవురు పగలగొట్టినారంటే? పోనీ, రేపు నేనొక కోడి తెస్తా. ఎర్రకోడి, మంచిది. దాన్ని ఎక్కించండి.”

శనివారం పొద్దున్నే మెడ నులిమి చంపి తెచ్చింది. వరదయ్య మైనం కరిగించి నీలం కలిపాడు. కోడి మెడమీద చిన్న గాటుపెట్టి, గొంతుగొట్టంలోకి ఆ మైనం పోయాలి. లోపలి గాలి బయటికి పోవడానికి రెక్క ఎముక చివర తెరిచి ఉంచాడు. కోడిని నిటారుగా పట్టుకునే పని మునెమ్మది. ఆయన గరాటుతో పోస్తూ ఉంటే, కాసేపటికి రెక్క ఎముకలోంచి ఒక నీలంచుక్క బయటికొచ్చి ఆమె వేలిమీద పడింది. చన్నీళ్ళలో ముంచి, మైనం గడ్డకట్టాక వరదయ్య ఒక పక్క ఎముకలూ కండా ఒలిచి చూపించాడు. మెడకింద నీలం, రొమ్ములో నీలం, పేగుల చుట్టూ తోకదాకా నీలం. వీపుకు అంటుకొని చిన్న ఊపిరితిత్తి.

మునెమ్మ మెడనుంచి తోకదాకా ఆ నీలం వెంబడి వేలు పోనిచ్చింది.

“ఇన్నేళ్ళు నేను సగం గాలే అమ్ముతా ఉండానా?”

“గాలి ఉండబట్టే అది కోడి,” అన్నాడు వరదయ్య.

ఆదివారం ఇరవై రెండుమంది వచ్చారు. సుబ్బన్ కూడా వచ్చాడు, ఊరికే అటు పోతున్నట్టు. గద్దనూ పామునూ ఎవరూ చూడలేదు. నేరుగా కోడిసీసా ముందుకెళ్ళి నిలబడ్డారు. “కోడి, గాలితిత్తులు, రాయపురం” అని మూడు భాషల్లో రాసిపెట్టి ఉంది. ఆరోగ్యమేరి కొంగు సరిచేసుకొని ముందుకు వంగింది.

“అదే మొగం. నా చేతి నూకలు తినిన మొగం. యాడున్నా గుర్తుపడతా.”

అంతోని సీసా చుట్టూ ఒకసారి తిరిగి, తల గోక్కున్నాడు. “మేరీ, మన కోడికి తల తీసేసినాము గదా? అయ్యోరు వచ్చేసరికే తల కుక్క ఎత్తుకొని పోయింది.”

వరదయ్య నోరు తెరిచాడు. మునెమ్మ ఆయన కాలు తొక్కింది.

“అతికించినారు,” అంది ఆరోగ్యమేరి, మొగుడి తెలివితక్కువకు సిగ్గుపడుతూ. “ఇంత చదువుకున్నోళ్ళు, ఒక తల అతికించలేరా?”

ఇరవై రెండుమందీ అది న్యాయమేనన్నారు. అంతోని టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. సుబ్బన్ మెల్లగా వరదయ్య పక్కకు వచ్చి, “అయ్యా, ఒకసారి నా కోళ్ళు కూడా చూడండి” అన్నాడు.

తిరిగివచ్చేటప్పుడు ట్రాములో మునెమ్మ అంతోని పక్కన కూర్చుంది.

“అంతోనీ, రేపటినుంచి నువ్వు నాకు గడ్డి తేవద్దు.”

“ఏమక్కా, నా వల్ల తప్పా?”

“తప్పు కాదురా. కోడి కాలేజీలో ఉండే ఇంటి మొగాడు గడ్డిమూట మోస్తే నలుగురూ ఏమనుకుంటారు? మర్యాదగా ఉంటాదా?”

అంతోని ఆలోచించాడు. అంత మర్యాద తనకు వచ్చిపడిందని అతనికి అప్పటిదాకా తట్టలేదు. “నిజమే అక్కా,” అన్నాడు.

ఆ తరవాత మునెమ్మ కొట్టంలో ఎండిన వరిగడ్డి తప్ప ఇంకేదీ పడలేదు. వరదయ్య మామూలుగానే ఆదివారాలు తిరిగాడు, మామూలుగానే అందరి కూరలూ ఆలస్యం చేశాడు. క్రిస్మసు వచ్చింది, పోయింది. ఏ ఇంట్లో ఊదినా, వెలుగుకు పట్టినా, చివరికి ఒకటే మాట, “సరి, వండుకోండి.” వీధికి దిగులు పట్టుకుంది. ఒకరోజు పదిమంది తరఫునా అంతోని గంపల దగ్గరికి వచ్చాడు.

“ఏందక్కా, తొమ్మిది నెలలాయె. ఒక్క కోడి కూడా కాలేజీకి ఎక్కలేదు.”

“ఏం చేసేది అంతోనీ,” అంది మునెమ్మ, కోళ్ళకు నూకలు చల్లుతూ. “నావన్నీ మామూలు కోళ్ళయిపోయినాయి.”

అంతోని జాలిగా గంపలవైపు చూశాడు. పక్కన పీటమీద కూర్చున్న వరదయ్య గొంతు ట్రాము మలుపు దాకా వినిపించింది.

“చాలా మామూలు కోళ్ళు. ఇంత మామూలు కోళ్ళు మద్రాసులో ఇంకెక్కడా దొరకవు.”